డాక్టరమ్మగారి కుర్చీ

బొబ్బిలి వైపు ఒక చిన్న మిషన్ ఆసుపత్రి. డాక్టరమ్మగారు పోయాక ఖాళీగా ఉన్న గదిలో, ముప్పై ఏళ్లుగా అక్కడ ఆయాగా చేస్తున్న తల్లి కుర్చీ తుడుస్తోంది. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్ ముగించిన కూతురు ఆ ఉదయమే వచ్చింది.

"ఆ కుర్చీ ఎందుకమ్మా తుడుస్తున్నావు?"

"నువ్వు కూకోవద్దేటి? దుమ్ముంటే కొత్త సీర పాడైపోదూ?"

"నేను డాక్టర్ని కాదు కదమ్మా."

"నాకు తెల్దేటి! ఆసుపత్రి నడిపే సదువు. మొన్నాదివారం చర్చిలో సంఘం ముందర నిలబడి సాక్ష్యం కూడా సెప్పేసినాను, నా కూతురు డాక్టరమ్మగారి కుర్చీలో కూకుంటాదని."

"దేవుడు చేసిన మేలు జరిగాక కదా సాక్ష్యం చెప్తారు!"

"దేవుడు జరిపిస్తాడని సెప్పినాను. తప్పేటి?"

"అమ్మా, చదువు ఆఖర్న నేను రాసిన రిపోర్టు మన ఆసుపత్రి మీదే."

"మంచి పని సేసినావు."

"కాన్పుల వార్డు మూసెయ్యాలని రాసాను. మిషను కమిటీ ఒప్పుకుంది. వచ్చే నెల వార్డుతో పాటు ఈ గదీ మూసేస్తారు."

"నువ్వు పుట్టిన వార్డే అది."

"డాక్టరు లేకుండా కాన్పులు చేస్తే ప్రాణాలు పోతాయమ్మా."

"నువ్వు రాసిందాట్లో తప్పేమైనా ఉన్నాదేటి? మళ్లీ సూడు."

"ఎన్నిసార్లు చూసినా లేదమ్మా. అదే నా ఏడుపు."

"ఏడవకు. రా, ఒక్కసారి ఇందులో కూకో."

"ఇంకెందుకమ్మా?"

"కూకోవే. నేను సెప్పిన సాక్ష్యం అబద్ధం కాకుండా ఉంటాది."