తాతయ్య ఎత్తని కాలు

“అమ్మమ్మా, తాతయ్య ఆ ఆదివారం పాట ఎందుకు ఆపలేకపోయారో చెప్పవా? ఫోన్ ఆన్ చేశాను. తిట్లు మాత్రం కాస్త తగ్గించు.”

తిట్లు తగ్గిస్తే చెప్పడానికింకేం మిగులుతుందే? సరే, దాన్ని ఆ పప్పు డబ్బా మీద పెట్టు. గరాజ్‌లోంచి ఆయన టింగుటింగులు కూడా పడతాయేమో, పడనీ. సాక్ష్యం ఉంటుంది.

రిటైరైన కొత్తలో మీ తాతయ్య బ్యాంజో కొంటానంటే నేనేమనుకున్నాననీ? మన వైపు బ్యాంజో అంటే మీటలు నొక్కి వాయించేది కదా. మా మేనమామ పెళ్ళిళ్ళలో వాయించేవాడు, పెళ్ళికి ఇరవై రూపాయలూ భోజనం. ఇరవై కాదులే, పదిహేను. అయిదు డోలాయనకి పోయేవి. పాపం మా అత్తయ్య దానికే... ఏం చెబుతున్నాను? ఆ. తీరా ఈయన తెచ్చింది చూస్తే జల్లెడకి కర్ర బిగించినట్టుంది! నాలుగు తీగలు బాగానే ఉన్నాయి, అయిదోది పొట్టిది, సగంలోనే ఆగిపోయింది. బొటనవేలితో దాన్ని మాటిమాటికీ టింగుమనిపించాలిట, మిగతావి గోటితో కిందికి కొట్టాలిట. అందుకని చూపుడువేలికి గోరు పెంచారు. ఆ గోటితో ఆవకాయన్నం కలుపుతుంటే చూడలేక నేను కంచం పట్టుకుని హాల్లోకి పోయేదాన్ని.

ఇక్కడ మనుండే పేట క్రెయిగీబర్న్‌లోనే ఆదివారం మధ్యాహ్నం, మీరు ఆర్వో అంటారే, ఓ హాల్లో పాతపాటల వాళ్ళు చేరతారు. ఈ దేశంలో గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళూ, మందల్ని తోలుకెళ్ళేవాళ్ళూ ఎప్పుడో పాడుకున్న పాటలు. గుండ్రంగా కూర్చుంటారు, కాగితం ముట్టుకోరు, వినీ వినీ నేర్చుకోవడమే. ఒకటే పాట తిప్పితిప్పి వాయిస్తూనే ఉంటారు తల్లీ! ఈయనేమో ఆ గుండ్రంలో తనకో కుర్చీ వేశారని పొంగిపోయారు. మరి, ఆఫీసు మానేశాక ఆయన్ని రమ్మని పిలిచింది వాళ్ళే కదా.

అక్కడ కెన్ అని పెద్దాయన. ఎనభై దాటాయి, ఫిడేలు వాయిస్తాడు. మొదటి రోజే, పాట జోరుగా సాగుతుండగా, కెన్ కాలు చాపి ఎదురుగా ఉన్న మీ తాతయ్యకేసి ఎత్తాడు. అంతే! బ్యాంజో పెట్టెలో పెట్టేసి వచ్చి కారెక్కారు. “నాకు కాలు చూపిస్తాడా? ఈ దేశంలో వంతెనలు కట్టినవాణ్ణి!” వంతెనలకీ కాలికీ సంబంధమేమిటండీ అన్నాను. నా మీదా అలిగారు. ఇంక వెళ్ళడం మానేసి, పొద్దస్తమానం గరాజ్‌లో ఆ ఒక్క పాటే. కూరలో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తుండేది కాదు నాకు.

చివరికి ఆ కెనే, ఈయన ఏమైపోయారో చూద్దామని, వాళ్ళ పెరటి నిమ్మకాయలు పట్టుకుని ఇంటికొచ్చాడు. ఓ పెసరట్టు వేసిపెట్టి నిలదీశాను. “కెన్, వై డిడ్ యూ షో యువర్ ఫుట్ టు మై హస్బెండ్?” నవ్వినవ్వి ఆయనకి పొలమారింది. ఎవరు పాట మొదలెడితే వాళ్ళు కాలెత్తుతారుట. ఇదే ఆఖరు తిప్పు అని దానర్థంట. చేతులు ఖాళీ ఉండవు కదా మరి! “నెక్స్ట్ సండే నువ్వే మొదలెట్టు మేట్” అని మీ తాతయ్య భుజం తట్టి వెళ్ళాడు.

హమ్మయ్య అనుకున్నాను. ఎక్కడ! “ఒళ్ళో సరస్వతిని పెట్టుకుని, పెద్దవాడికేసి కాలెత్తనా? తలాడిస్తాను, చాల్లే” అన్నారు. ఎత్తండి మహానుభావా అని వారమంతా బతిమాలాను. ఈసారీ చెడిందంటే ఆ హాలు గుమ్మం తొక్కరు. ఇంక జన్మంతా నా నెత్తినే వాయింపు. నా భయం నాది.

ఆదివారం వచ్చింది. సమోసాలు వేయించి తీసుకెళ్ళి టీ బల్ల దగ్గర కూర్చున్నాను. మొదలెట్టారు. బాగానే వాయించారు, అబద్ధమెందుకు. అందరూ అందుకున్నారు. ఇక ఆపాలి కదా? తలాడించారు. మన తలాడింపు తెలుసుగా, ఇటూ అటూ. ఈయన మైమరచిపోయారనుకుని వాళ్ళూ ఆడించారు! ఈయన ఇంకా గట్టిగా ఆడిస్తే వాళ్ళు ఇంకా గట్టిగా వాయించారు. ఫ్లూట్ ఆవిడ మొహం కందిపోయింది. కెన్‌కి ఆయాసమొస్తోంది, అయినా ఆపడే, పాట ఈయనది కదా! మీ తాతయ్య చెమట బొట్లుబొట్లుగా ఆ బ్యాంజో తోలు మీద పడుతోంది. ఆ కళ్ళు చూశాను. ఇంకో తిప్పు తిరిగిందా, బ్యాంజో అక్కడే పారేసి లేచిపోయేట్టున్నారు. సమోసాలు చల్లారి రాళ్ళయ్యాయి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా ఒళ్ళో సరస్వతి లేదు, సమోసాల పళ్ళెమే ఉంది. చెప్పు విడిచి, ఊలు మేజోడుతో సహా ఇంతెత్తున కాలు చాపాను!

ఆ తిప్పు పూర్తిచేసి అందరూ ఒక్కసారే ఆగారు. కెన్ ఫిడేలు దించి నాకు రెండు చేతులూ జోడించాడు. మీ తాతయ్య నాకేసి చూసిన చూపు... పెళ్ళిపీటల మీద కూడా అలా చూడలేదమ్మా.

అప్పట్నించీ ఆ గుండ్రంలో నాకూ ఓ కుర్చీ. ఆయన మొదలెట్టడం, నేను కాలెత్తడం. వారంవారం ఇదే పని. నా మోకాలి నొప్పి పట్టించుకునేవాళ్ళేరీ? ఎందుకే నవ్వుతావ్?

ఇదిగో, విను. పొద్దుట్నించీ అదే పాట. చల్లగా ఉండు తల్లీ, ఏ వాయిద్యమూ రాని మొగుడు దొరకాలి నీకు. లే, గరాజ్‌లోకి వెళ్ళి మీ తాతయ్యకి చెప్పు, అమ్మమ్మ కాలెత్తిందని.