లాటిన్ నుంచి లాగీ లాగీ కేకు దాకా

నెదర్లాండ్స్‌లో డెవెంటర్ ఊరి లైబ్రరీ. కౌంటర్ వెనక ఫెన్నా. ఎదుట ఆపిల్ కేకు డబ్బాతో, లాటిన్ చెప్పి రిటైరైన హెస్సెల్ మాస్టారు.

“మెల్లగా మాస్టారూ! అటు చదువుకునేవాళ్లున్నారు.”

“ఉండనీ ఫెన్నా, వాళ్లకీ కోస్తాను. నువ్వు ముందు ఒక్క ముక్క...”

“చెప్పే ముక్కా, తినే ముక్కా? తినేదైతే చిన్నది. చెప్పేదైతే ఇంకా చిన్నది.”

“రెండూ కలిపే వడ్డిస్తాను. పుట్టినరోజు నాడు మనమే కేకు మోసుకొచ్చి కనబడ్డవాళ్లందరికీ పెడతాం కదా, ‘ట్రాక్టేరెన్’ అని. ఆ క్రియ ఎవరిదనుకున్నావ్?”

“మనదే. డచ్చిది.”

“కాదు! మా లాటిన్ వాళ్లది. ట్రాక్టారే. అంటే లాగడం. ఒకసారి కాదు, లాగీ లాగీ లాగడం.”

“పొద్దుట్నుంచీ మీరు నన్ను లాగుతున్నట్టు.”

“అద్గదీ! పొలంలో ట్రాక్టరూ ఆ ఇంటిదే, ఆస్పత్రిలో ట్రీట్‌మెంటూ ఆ ఇంటిదే. లాగడం కాస్తా చేత్తో పట్టుకోవడమైంది, పట్టుకోవడం చూసుకోవడమైంది. మనిషిని బాగా చూసుకుంటే ఏమైంది? విందైంది! ఎన్ని వందల ఏళ్లు లాగితే కేకు దాకా వచ్చిందో!”

“బావుంది. నే వెళ్తా, వాపసొచ్చిన పుస్తకాలు సర్దాలి.”

“కాఫీ?”

“తాగేశాను.”

“పోనీ, ఇంకో ముక్క?”

“మాస్టారూ.”

“చెప్పు.”

“ఇందాక శుభాకాంక్షలు చెప్పాను కదా. చెయ్యి కూడా కలిపాను.”

“కలిపావు. గట్టిగా కలిపావు.”

“మార్చిలో, ఈస్టర్‌కి ముందు కూడా ఇలాగే మీ కేకు తిని కలిపాను.”

“అదా... అది మా ఆవిడది. పోయినా, పుట్టినరోజు పుట్టినరోజే కదా.”

“ఆవిడది జూన్‌లో చేశారు. చెర్రీ కేకు.”

“చెర్రీ బావుందా?”

“బావుంది. ఇవాళ మీ పుట్టినరోజు కాదు కదూ?”

“మెల్లగా అమ్మా. చదువుకునేవాళ్లున్నారు.”

“నిజం చెప్పండి.”

“ఊరికే కేకు తెస్తే ఈ ఊళ్లో మనిషిని ఎలా చూస్తారో తెలీదూ? ఇంటికి కాఫీకి రమ్మంటే డైరీ తీసి వచ్చే నెల అంటారు. అదే పుట్టినరోజంటే, నిలబడతారు. ముక్క అయ్యేదాకా ఉంటారు.”

“కాసేపు ఉండమంటే నేను ఉండనా?”

“అడగడానికి లాటిన్‌లో బోలెడు మాటలున్నాయి. నాకే నోరు రాదు.”

“సరే, అసలుది ఎప్పుడో చెప్పండి. ఆ రోజు నేనే కేకు తెచ్చి ఇక్కడ కోయిస్తాను.”

“డిసెంబరు ఇరవై ఐదు.”

“అయ్యో, ఆ రోజు...”

“అవునమ్మా. లైబ్రరీకి సెలవు.”