ఏడో గుండ్రం దాకా ఆగిన నీళ్లు

హబక్కూకు గారని ఒకాయన ఉండేవాడంట, మన కాలవ కింద ఊళ్లో. అంత పేరుకి ఎవరికి నోరు తిరుగుతుంది చెప్పండి, అందుకని అందరూ అబ్బులు గారు అనేవారు. ఆయన పుట్టినప్పుడు వాళ్ల నాన్న కళ్లు మూసుకుని గ్రంథం తెరిచి వేలు పెడితే ఆ పేరు తగిలిందంట. రెండోవాడు పుట్టేసరికి తల్లి అడ్డం పడి, ఈసారి వేలు నేను పెడతాను మీరు ఊరుకోండి అందంట. తీతు అని తగిలింది. రెండక్షరాల పేరు, పిలవడానికి ఎంత హాయి. సరే, అన్నదమ్ములు ఇద్దరూ మంచివాళ్లే. తండ్రి పోయాక పొలం చెరిసగం పంచుకున్నారు, కాలవ పక్కది అన్నకి, దాని వెనకాల శివారు చెక్క తమ్ముడికి. తీతు చేలోకి నీళ్లు వెళ్లాలంటే అన్న చేలోంచి బోదె, అంటే చిన్న పిల్లకాలవ, తవ్వి వెళ్లాల్సిందే. ఆ బోదెకి అన్న గట్టు దగ్గర ఒక మడవ. మడవ అంటే ఏముంది, గట్టుకి పెట్టిన గండి, నాలుగు పారల మట్టి వేస్తే మూసుకుంటుంది, నాలుగు పారల మట్టి తీస్తే తెరుచుకుంటుంది. ఇది గుర్తు పెట్టుకోండి, మిగతా కథంతా ఈ నాలుగు పారల మట్టి గురించే.

ఇప్పుడు అబ్బులు గారి పటం గురించి చెప్పాలి. వాళ్ల నాన్న రోజుల్లో ఒక దొరగారు పడవ మీద ఊరూరూ తిరుగుతూ వాక్యం చెప్పేవాడంట. ఆయన గట్టి గుడ్డ మీద రంగులతో ఒక పటం వేయించి వీళ్లకి ఇచ్చి వెళ్లాడు. గుడ్డ నిండా వరసగా ఏడు గుండ్రాలు. ఏదెను తోట కాలం, మనస్సాక్షి కాలం, ఏలుబడి కాలం, వాగ్దానం కాలం, ధర్మశాస్త్రం కాలం, ఆరోది కృపాకాలం, అంటే సంఘకాలం, మనం ఉన్నది అందులో. ఏడోది రాజ్యం. బంగారు రంగు వేశాడు దానికి, మధ్యలో సింహాసనం. ఆదివారం మధ్యాహ్నం కూడికలో అబ్బులు గారు ఆ పటం గోడకి తగిలించి, చింతబరికె ఒకటి పట్టుకుని చెప్తుంటే, ఏమాటకామాటే, పిల్లలు కూడా కదిలేవాళ్లు కాదంట.

ఏం చెప్పేవాడంటే, చూడండి, రాజు, అంటే మన ప్రభువు, తన సొంత జనం అబ్రాహాము సంతానం దగ్గరికి వచ్చాడు. ఇదుగో మీ రాజ్యం, తీసుకోండి అన్నాడు. వాళ్లు మాకొద్దు అన్నారు. వాళ్లు వద్దన్నారని రాజు మాట తప్పుతాడా, తప్పడు. రాజ్యాన్ని వాయిదా వేశాడు. మన కాలవ సంగతే అనుకోండి, పై ఊరివాళ్లు మా వంతు మాకొద్దు అన్నారు, ఆ నీళ్లు మనవైపు తిప్పారు, మన చేలు పండాయి. అంతమాత్రాన పై ఊరి వంతు చెరిగిపోయిందా, పోలేదు, మళ్లీ వాళ్లకి వస్తుంది. అబ్రాహాముకి చెప్పింది, దావీదుకి చెప్పింది, అన్నీ చెప్పినవి చెప్పినట్టు జరుగుతాయి. ఈలోపల మధ్యలో వచ్చినవాళ్లం మనం. మనం సంఘం, రాజ్యం కాదు. ఒకరోజు బూర మోగుతుంది, రెప్పపాటులో మనం ఎత్తబడతాం. కింద ఏడేళ్లు శ్రమలు. అప్పుడు రాజు దిగొచ్చి యెరూషలేములో కూర్చుని వెయ్యేళ్లు ఏలుతాడు. సింహం గడ్డి తింటుంది, కత్తులు సాగగొట్టి నాగలికి కర్రులు వేసుకుంటారు. మనం ఆయనతో కూడా ఏలుతాం. అదండి రాజ్యమంటే. ఇక్కడ ఇప్పుడు మనం రాజ్యంలో ఉన్నాం అనేవాడికి పటం చదవడం రాదన్నమాట. ఇట్లా చెప్పేవాడు.

ఏమైందంటే, ఒక దాళ్వాలో, అంటే రెండో పంటలో, మార్చి నెల, చేలు వెన్ను తీసే ముందు పొట్ట మీద ఉన్నాయి. కాలవలో నీళ్లు తక్కువ, వంతుల మీద వదులుతున్నారు. ఆ ఆదివారం అబ్బులు గారు ఏడో గుండ్రం మీద బరికె పెట్టి, ఆ రాజ్యంలో ఎడారి కూడా పూస్తుంది, ఎండిన నేలలో ఊటలు పుడతాయి అని చెప్తున్నాడంట. తీతు వెనక చాప మీద కూర్చున్నాడు. మనిషి కొంచెం వేళాకోళం మనిషిలెండి. అన్నయ్యా, ఒక్క మాట, ఆ ఊటల నీళ్లు శివారు చేలకి కూడా అందుతాయా, లేకపోతే అక్కడ కూడా పైచేల వాళ్లు తడుపుకున్నాకే మాకా అన్నాడు. అంతే, జనం గొల్లున నవ్వారు. శివారు రైతులే ఎక్కువ అందులో, వాళ్లకి మరీ నవ్వొచ్చింది. అబ్బులు గారు నవ్వలేదు. బరికె కింద పెట్టాడు, పటం దించాడు, చుట్టాడు, ముగింపు ప్రార్థన కూడా ఇంకొకరి చేత చేయించాడంట.

తెల్లారి తీతు చేలోకి వెళ్తే బోదె పొడిగా ఉంది. ఎక్కడ తెగిందా అని వెనక్కి నడుచుకుంటూ వస్తే మడవ మూసి ఉంది. పైన మట్టి వేసి కాలితో తొక్కిన అచ్చులు కూడా ఉన్నాయి. ఎవరి కాలో చెప్పక్కర్లేదు, అబ్బులు గారి కుడి కాలి చిటికెన వేలు పక్కకి ఉంటుంది. తీతు అన్న ఇంటికి వెళ్లి, అరుగు కింద నుంచుని, అన్నయ్యా, నిన్న నోరు జారాను, తప్పయింది, చేను పొట్ట మీద ఉంది, నాలుగు రోజులు నీళ్లు లేకపోతే గింజ పాలు పోసుకోదు, అంతా తాలే నాకు అన్నాడు. అబ్బులు గారు పుస్తకంలోంచి తల ఎత్తకుండా, నా చేలో గట్టు బాగు చేసుకున్నానురా, అయినా నువ్వు రాజ్యం ఊటల కోసం చూస్తున్నావు కదా, చూడు అన్నాడంట. తీతు వెనక్కి వచ్చేశాడు. నీళ్ల వంతులు చూసే కాలవ లస్కరుకి చెప్పొచ్చు, పంచాయితీ పెట్టొచ్చు. కానీ విశ్వాసులు ఒకరి మీద ఒకరు బయటివాళ్ల దగ్గరికి పోకూడదని ఈ సంఘాల్లో గట్టి పట్టింపు. తానే పారతో తీసేసుకోవచ్చు కదా అంటారా, అన్న మూసింది తమ్ముడు తెగ్గొడితే ఇక జన్మలో మాటలుండవు. అది తీతుకి తెలుసు.

సంఘపెద్ద ఇంకొకాయన ఉండేవాడు, సంసోను గారని. పేరు చూసి కంగారు పడకండి, గ్రంథంలో ఆ పేరు మహా బలవంతుడిది గాని, ఈయన గట్టిగా గాలేస్తే గొడుగు పట్టుకోలేని మనిషి. ఆయన వచ్చి, అబ్బులు గారూ, మీకు తెలియంది కాదు, కానుక తెచ్చినవాడు ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమని ప్రభువు చెప్పాడు కదా, ఒక మైలు రమ్మంటే రెండు మైళ్లు పొమ్మన్నాడు కదా అన్నాడు. అబ్బులు గారు లోపలికి వెళ్లి పటం తెచ్చి, అరుగు మీద పరిచాడంట. సంసోను గారూ, ఆ మాటలు ఎక్కడ చెప్పాడు, కొండ మీద. ఎవరికి చెప్పాడు, రాజ్యం కోసం కనిపెట్టుకున్నవాళ్లకి. అది రాబోయే రాజ్యానికి చట్టం. ఇక్కడ, ఈ బంగారు గుండ్రంలో. మనం ఎక్కడున్నాం, ఇక్కడ, ఆరోదాంట్లో. రాజ్యం రానివ్వండి, మొదటి పార నేనే వేసి మడవ తీస్తాను అన్నాడు. సంసోను గారు ఇరవై ఏళ్లుగా ఆ పటం దగ్గరే కూర్చుని తలూపిన మనిషి, ఇప్పుడు ఎక్కడని కాదంటాడు. మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

ఇక్కడ నేను ఒక మాట చెప్పాలి. ఆ బోధ తప్పని నేను అనను. దొరగారు కూడా ఆ కొండ మీది మాటలు మీకు పనికిరావు, గట్టున పడేయండి అని అనలేదంట. వాటిలో మనకీ బుద్ధి ఉంది, చట్టంగా నిలబడేది మాత్రం రాజ్యంలో అన్నాడు. అబ్బులు గారు ఆ వెనక ముక్క పట్టుకుని ముందు ముక్క వదిలేశాడు. కోపంలో ఉన్న మనిషికి తనకి కావాల్సినంత మేరే చదువు గుర్తుంటుంది. నాకూ అంతే, మా బావమరిదితో తగాదా పడ్డప్పుడు బి.ఏ.లో చదివిందంతా వాడి మీదే వాడాను.

అబ్బులు గారి భార్య దొర్కమ్మ గారు. ఆ సంఘాల్లో ఆడవాళ్లు కూడికలో మాట్లాడరు, ముసుగేసుకుని విని వచ్చేస్తారు. ఏదైనా సందేహం ఉంటే ఇంటి దగ్గర భర్తని అడిగి తెలుసుకోవాలి, అదీ వాక్యమే. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ ఎప్పుడూ ఏ సందేహమూ అడగలేదంట. ఆ సోమవారం మధ్యాహ్నం అన్నం వడ్డించి, కొరమీను పులుసు వేసి, ఎదురుగా కూర్చుని, ఏవండీ, నాకో సందేహం అందంట. అబ్బులు గారికి ఎంత సంతోషమో. అడగవే అన్నాడు. పౌలు గారి ఉత్తరాలు ఎవరికండీ అంది. మనకే, సంఘానికి, అక్షరం అక్షరం మనదే అన్నాడు. ఆహా అని ఆవిడ ఇంకో ముక్క వేసింది. అంతే, ఆ రోజుకి.

మంగళవారం బీరకాయ కూర. ఏవండీ, పొద్దుగూకేలోపు కోపం వదిలేయాలని చెప్పింది ఎవరండీ అంది. పౌలు గారే అన్నాడు. అది ఏ గుండ్రంలోకి వస్తుందండీ అంది. ఆరోది అన్నాడు, కొంచెం నెమ్మదిగా. మరి ఆదివారం నుంచి రెండు పొద్దులు గూకాయి కదండీ. అబ్బులు గారు నీళ్లు తాగి, నాకు కోపం ఎక్కడుందే, నేను శాంతంగానే మూశాను అన్నాడంట. ఓహో, శాంతంగానా, అంటూ ఆవిడ మజ్జిగ పోసింది. ఆ సాయంత్రం తీతు చేలో నేల నెర్రెలు విచ్చిందని పాలేళ్లు చెప్పుకున్నారు.

బుధవారం ఏం కూరో నాకు తెలీదు, ఆ రోజు ఆయన తినలేదు. కంచం ముందు కూర్చోగానే మొదలెట్టింది. బూర ఎప్పుడు మోగుతుందండీ. ఎవరికీ తెలీదు, ఏ క్షణమైనా మోగొచ్చు. ఇప్పుడే మోగొచ్చా. ఇప్పుడే మోగొచ్చు. మీరూ వెళ్తారు, తీతూ వెళ్తాడా. వెళ్తాడు, వాడు విశ్వాసే కదా, నోరు దురుసు గాని. ఇద్దరూ మేఘాల్లో కలుస్తారు. కలుస్తాం. అప్పుడు ఈ పొలం ఏమవుతుందండీ. పొలమా, అప్పుడు పొలంతో మనకి పనేముందే పిచ్చిదానా. మీ గట్టుతో. గట్టుతో కూడా ఏం పని. అయితే ఇప్పుడే పనిలేకుండా పోయే గట్టు కోసమా, అక్కడ కలవాల్సిన తమ్ముణ్ణి ఇక్కడ ఎండబెడుతున్నారు, నా సందేహం అదేనండీ, తీర్చి తినండి.

నేను కాలేజీలో తర్కం చదివాను. మా మాస్టారు, ఎదుటివాడి చేత ఒకటొకటే ఔననిపించి చివరికి కదలకుండా కట్టేయాలి అని రెండేళ్లు చెప్పాడు, నాకు రాలేదు. దొర్కమ్మ గారు ఐదో తరగతి.

అబ్బులు గారు చెయ్యి కడుక్కుని, మిట్టమధ్యాహ్నం ఎండలో, తలకి తువ్వాలు చుట్టి, పార భుజాన వేసుకుని బయల్దేరాడు. తీతు మడవ పక్కన గట్టు మీద కూర్చుని ఉన్నాడంట, అక్కడ కూర్చుంటే ఏమొస్తుందో వాడికే తెలీదు. అన్నని, పారని చూసి లేచి నుంచున్నాడు. ఏం అన్నయ్యా, రాజ్యం వచ్చేసిందా అన్నాడు. ఆ స్థితిలో కూడా వాడి నోరు ఊరుకోలేదు చూడండి. అబ్బులు గారు మట్టి మీద పార వేస్తూ, రాజ్యం రాలేదురా, మీ వదిన వచ్చింది అన్నాడంట. తీతు నవ్వాపుకోలేక పార అందుకోబోయాడు. ఉండరా, మూసింది నేను, తీసేది నేనే అని నాలుగు పారలూ ఆయనే తీశాడు. ఆ రోజు అదృష్టం, వంతు మన ఊరిదే. నీళ్లు బోదెలో పడ్డాయి గాని, మూడు రోజులు ఎండిన బోదె కదా, దారంతా తాగేస్తున్నాయి. అన్నదమ్ములిద్దరూ మోకాళ్ల దాకా పంచెలు ఎగ్గట్టి, నెర్రెల్లో బురద కూరుకుంటూ, నీళ్లతో పాటు నడిచారంట శివారు దాకా. మడిలోకి నీళ్లు దిగేటప్పుడు తీతు కూడికలోకి అడుగుపెట్టేవాడిలా చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. అబ్బులు గారు, ఒరే, ఆదివారం నువ్వు అడిగింది మంచి ప్రశ్నేరా, సమాధానం తెలియక కోపం వచ్చింది అన్నాడు. తెలిసిందా మరి అంటే, లేదు, వెతుకుతున్నాను అన్నాడు.

చేను నిలిచింది. ఒక మూల పది సెంట్లు మాత్రం తాలు పోయింది, దాన్ని అబ్బులు గారే కోసుకుని తన గేదెలకి వేసుకుని, తన కుప్పలోంచి ఆ మేరకి ధాన్యం తమ్ముడి గాదెలో పోయించాడు. పటం మానేశాడా అంటే మానలేదు. చనిపోయే దాకా ఏడు గుండ్రాలూ అట్లాగే చెప్పాడు, రాజ్యం వాయిదాలోనే ఉందనీ చెప్పాడు, ఒక్క రంగు మార్చలేదు. ప్రభువు పేర రొట్టె విరిచి ద్రాక్షరసం తాగే ఆదివారం మాత్రం తీతు వచ్చి పక్కన కూర్చునేదాకా గిన్నె పట్టుకునేవాడు కాదంట.

ఆడవాళ్లు మాత్రం వదలలేదు. కూడిక అయ్యాక దొర్కమ్మ గారి చుట్టూ చేరి, ఏమ్మా, ఆయన్ని ఏం అన్నావు, ఏం చేశావు అని ఒకటే గుసగుసలు. ఆవిడ ముసుగు సర్దుకుని, నేనేం అనలేదమ్మా, సందేహం అడిగాను, అంతే అందంట. ఆ తర్వాత నుంచి ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లకి సందేహాలు రావడం మొదలైంది, అదీ సరిగ్గా మధ్యాహ్నం అన్నాల వేళ. మగవాళ్లు వాక్యం బాగా చదువుకుని గాని ఇంటికి వెళ్లేవాళ్లు కాదంట. రాజ్యం ఎప్పుడొస్తుందో పండితులు తేల్చుకోనివ్వండి, నాకు తొందర లేదు. మా ఆవిడ లోపల్నుంచి రెండుసార్లు పిలిచింది, విన్నారు కదా. ఆవిడకి ఏదో సందేహం ఉన్నట్టుంది. వెళ్లొస్తా.