మెట్టె పెట్టుకున్న బాతు

నిండు చూలాలైన పెళ్లాం నోటికి రుచిగా ఉంటుందని, అతను కేతేపల్లి చెరువులో వల వేసి అడవిబాతును పట్టి తెచ్చాడు. ఆమె కత్తిపీట ముందేసుకుని, బాతు కాలు చూసి ఆగిపోయింది.

“నేను కొయ్య. గిది పెండ్లయిన బాతు. కాలికి మెట్టె ఉన్నది.”

“మెట్టె కాదే! నిరుడు కట్ట మీద డేరా ఏసిన పిట్టల సార్లు తొడిగిన కడియం. పోయిన పిట్ట మళ్ల వస్తదా, రాదా అని చూసేటందుకు. కూర వండమంటె వాదం వండుతున్నవు!”

“యాడికి పోతదట?”

“ఎండలు ముదిరితె ఉత్తరాన చలిదేశం పోతదట. ఆడ్నే పుట్టిందట, ఆడ్నే గుడ్లు పెడ్తదట.”

“అంటె కాన్పుకు పుట్టింటికి పోతాంది! బాతుకున్న భాగ్యం నాకు లేకపాయె. ఎనిమిదో నెల పడ్డది. నన్ను తిరుమలగిరికి తోలుతవా, లేదా?”

“తోలుత, తోలుత. జర పని ఒడవనీ.”

“పల్లికాయ పీకుడు ఒడిసె, కందులు కొట్టుడు ఒడిసె. ఇంకేం పనయ్యా?”

“పని కాదే... మా అమ్మ గట్లనే కాన్పుకు పోయింది. మళ్ల రాలే.”

ఆమె కత్తిపీట పక్కకు జరిపింది.

“బుట్ట పట్టు. దీన్ని చెరువుల ఇడిసొద్దాం.”

“మరి కూర?”

“మా అమ్మ వండి పెడ్తది. రేపు బండి కట్టు.”

“కడ్త. కానీ... మళ్ల వస్తవు గద?”

“ఒక్క కాలికుంటెనే గిది పోయి మళ్ల వచ్చింది. నాకు రెండు కాళ్లకున్నయయ్యా!”