జెర ఆగురా, పేజీ దొరుకుతలేదు

చిన్నప్పుడు మాకు లెక్కలు చెప్పి, ఇవాళ మా తప్పులు వినడానికి అధ్యక్షులుగా కూర్చున్న రామ్మోహనరావు మాస్టారికి, వేదిక మీది పెద్దలకు, బొల్లారం, కార్ఖానా, యాప్రాల్ నుంచి పనులు మానుకుని వచ్చిన అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు నా వందనాలు. ముందు వరుసలో ఉన్న ప్రేమమణి వదినకు ప్రత్యేకంగా మరొకటి. నిండు సభలో తన భర్తను 'వాడు' అనకూడదని గుమ్మంలోనే నన్ను హెచ్చరించింది. యాభై ఏళ్ల అలవాటు, ఎక్కడైనా నోరు జారితే మన్నించు వదినా. (నవ్వులు)

నా పేరు జకర్యా. రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరయ్యాను. మా వదిన భర్త, నా చిన్ననాటి నేస్తం జీవరాజు గారు నూట నలభై సినిమాల్లో, అంతకు రెట్టింపు టీవీ నాటికల్లో నటించి, ఈ వారమే ఇక చాలన్నారు. ఆ సినిమాల్లో అరవై మూడింటిలో ఆయన పోలీసు కానిస్టేబులు. అంత సర్వీసు చేసి ఒక్కసారి కూడా హెడ్డు కాలేదు. మా స్నేహం ఇన్నాళ్లు నిలవడానికి అదీ ఒక కారణం. (నవ్వులు)

తెర మీద ఇరుకున పడ్డప్పుడల్లా ఆయన జేబులు తడుముకుంటూ "జెర ఆగురా, పేజీ దొరుకుతలేదు" అంటారు. ఆ మాట మీ ఇళ్లలో పిల్లలకు కూడా వచ్చు. అది ఎలా పుట్టిందని పత్రికలవాళ్లు అడిగినప్పుడల్లా, "క్రిస్మస్ నాటకంల డైలాగు మర్సిపోయిన, నోటికొచ్చింది అనేసిన" అని చెబుతూ వచ్చారు. అది నిజం కాదు మాస్టారూ. నేను ఇవాళ మైకు అడిగి తీసుకున్నది అందుకే.

అరవై ఎనిమిదిలో, బొల్లారంలో, మా చర్చి సంఘం క్రిస్మస్ నాటకంలో వాడు పసి యేసును చంపజూసిన హేరోదు రాజు, నేను తెర వెనక నోటుబుక్కు పట్టుకుని మాట అందించేవాణ్ణి. నా మీద వాడికెంత నమ్మకమంటే డైలాగులు నేర్చుకోనే లేదు. నేను ఏది గొణిగితే దాన్ని గొంతెత్తి పలకడమే వాడి పని. జ్ఞానులు ముగ్గురూ వచ్చి, పుట్టిన రాజు ఎక్కడున్నాడని అడిగారు. నా చేతిలో కుట్టు ఊడిన పుస్తకం ఉంది గానీ అందులో ఆ కాగితం లేదు. కంగారులో, "జెర ఆగురా, పేజీ దొరుకుతలేదు" అని తెర సందులోంచి గొణిగాను. వాడు కిరీటం సర్దుకుని, కత్తి మీద చెయ్యి వేసి, జ్ఞానులను ఒక్కొక్కరినే ఎగాదిగా చూసి, అదే మాట హాలు దద్దరిల్లేలా పలికాడు. (చాలాసేపు నవ్వులు)

ఆ రోజు కూడా ఇలాగే నవ్వారు. నవ్వినవాళ్లలో సికింద్రాబాదులో నాటక సమాజం నడిపే సదాశివ గారున్నారు. "ఆ రాజెవరయ్యా, నాకియ్యుండ్రి" అన్నారు. స్టేజీ మీదికి, అక్కణ్ణుంచి దూరదర్శన్‌కి, తర్వాత సినిమాకి వాడు నడిచిన దారంతా ఆ మాటతోనే షురూ అయింది.

కానీ మర్నాడు సంఘం పెద్దలు మా ఇద్దరినీ పిలిపించారు. దేవుని వాక్యాన్ని ఎగతాళి చేశామని అభియోగం. నా రైల్వే ఉద్యోగానికి, నేను మంచి నడవడి గలవాణ్ణని మా చర్చి పాస్టరు అయ్యగారు ఉత్తరం రాసివ్వాలి, ఆ సంగతి వాడికి తెలుసు. నేను నోరు తెరిచేలోపే, "జకర్యా సక్కగనే అందించిండయ్యా, నేనే మజాకు జేసిన" అన్నాడు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. మూడు క్రిస్మస్‌లు సంఘం నాటకంలో వాణ్ణి వేదిక ఎక్కనివ్వలేదు. ఆ మూడేళ్లూ తెర వెనక నేను మాట అందిస్తూనే ఉన్నాను. వాళ్లమ్మ రోసమ్మ గారు, కొడుకు తప్పు చేశాడనే అనుకుని కన్నుమూశారు. అందుకు నాకు చాలా సిగ్గుగా ఉంది.

వాడు ఎంత పేరు తెచ్చుకున్నా నా గర్వం మాత్రం వేరే చోట ఉంది. ఒక సినిమాలో వాడికి డాక్టరు వేషం వచ్చింది. కానిస్టేబులుకైతే మన యాస బాగుంటుంది, డాక్టరు మాత్రం పుస్తకంలా మాట్లాడాలన్నాడట దర్శకుడు. "బొల్లారంల డాక్టర్లు లేరా సార్? మా నొప్పికి సూది ఏస్తలేరా?" అని వాడు అడిగాడు. ఆ సినిమాలో డాక్టరు మన మాటే మాట్లాడాడు, ఎవరూ నవ్వలేదు. నవ్వించేవాడు సాధించిన గెలుపు అది. (చప్పట్లు)

ఇంకా ఓపికుండగా ఎందుకు మానేశారని మీరంతా అడుగుతున్నారు. ఏడాదిగా వాడికి మాటలు గుర్తుండడం లేదు. సభలో చెప్పమంటావా అని పొద్దున అడిగాను. "నువ్వే చెప్పురా, నేను చెప్తే నవ్వుతరు" అన్నాడు.

నా తర్వాత మాట్లాడేది వాడే. మీకు చెప్పాల్సిన మాటలు మేమిద్దరం కూర్చుని రాసుకున్నాం. మధ్యలో ఆగితే పరేషాన్ కాకండి, కాసేపు ఓపిక పట్టండి. నిర్వాహకులు నాకు వేదిక మీద కుర్చీ వేశారు, వాళ్లకు కృతజ్ఞతలు, కానీ నేను అక్కడ కూర్చోను. నా చోటు ఆ పక్క తెర వెనకాల. కాగితాలకు నంబర్లు వేసి, రెండు వరుసల కుట్టు వేయించి తెచ్చాను. ఇంతసేపు విన్న మీ అందరికీ ధన్యవాదాలు.

జీవా, లే. ఈసారి పేజీ నా చేతుల్నే ఉన్నది.

సెలవు.