టెన్‌స్లీప్ ఘాట్‌లో తెల్ల ట్రక్కు

హలో… ఆ, నేనే, చెప్పు వెండెల్. చేతుల నిండా గ్రీజుంది. ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచా, కాస్త గట్టిగా మాట్లాడు.

…ఎక్కడున్నావ్?

…డార్బీ షాపులోనా? నా షాపు వదిలేసి అక్కడికెందుకు పోయావు?

…ఆ, నిజమే. విడాకులిచ్చిన పెళ్లాం ముందు బానెట్ ఎత్తాలంటే ఎవరికైనా మొహమాటమే. మరి ఫోనెందుకు చేసినట్టు?

…ఏంటీ? మళ్లీ చెప్పు.

…సూపర్‌ఛార్జరా. ఇంజను మీద కూర్చుని లోపలికి గాలి కుక్కే పంపు… నీ పికప్‌కి. కొన్న రోజు నుంచి వైపర్లు కూడా మార్చని పికప్‌కి.

…లేదు, నవ్వట్లేదు. దగ్గు.

…రెండు కిట్లున్నాయి, ఏది పెట్టించాలో నన్ను చెప్పమంటావు. పదహారేళ్ల కాపురంలో ఒక్కసారి నా మాట అడగలేదు. సరే, కానీ. మొదటిదేంటి?

…ఇంజను నడినెత్తిన కూర్చునేది. అది మొదట్నుంచే లాగుతుంది. బరువు లాగేవాళ్లకి అదే. రెండోది?

…నత్తగుల్లలా ఉండి పక్కన బెల్టుతో తిరిగేదా? ఇంజను గొంతు చించుకున్నాక గానీ అది పని మొదలుపెట్టదు. గుర్రాల ట్రైలర్ కట్టుకుని కొండెక్కేవాడికి దానితో ఏం పని?

…ఈల వేస్తుందా?

…విన్నాలే. ఈల బాగుంటుందని. వెండెల్, మా అమ్మ టీ కెటిల్ ఒకటుంది, పంపిస్తా. డాష్‌బోర్డు మీద పెట్టుకో.

…సరే సరే, కోప్పడకు. అడిగినదానికి చెప్పు. పెట్రోలు ఏది పోస్తున్నావు?

…కొట్టం వెనక ట్యాంకులోది. అంటే ఎనభై ఐదు ఆక్టేన్ రకం. మన వైపు దొరికే వాటిలో అన్నిటికన్నా కిందిది. కిట్ పెట్టె మీద ఏం రాసుంది, చదువు.

…కళ్లజోడు పెట్టుకుని చదువు.

…తొంభై ఒకటి. చూశావా. కొట్టం పెట్రోలు పోసి, పైనుంచి గాలి కుక్కి, వెనక గుర్రాల్ని కట్టి కొండెక్కిస్తే పిస్టన్లు పగులుతాయి. మొదటి రోజే కాదు. నెల్లాళ్లు నీ ఈల నువ్వు వినొచ్చు.

…మంచి పెట్రోలే పోస్తావా. పోస్తావేమో. ఆగస్టు నుంచి ఆ బండి ఎవరిది?

…వినపడలేదు.

…ఆ. కోరాది. లారమీ కాలేజీకి వెళ్లేటప్పుడు పికప్ నీదేనని పుట్టినరోజు కార్డు మీద నీ చేత్తో రాశావు. రోడియో పోటీలకని నీ కూతురు గుర్రాల్ని తీసుకుపోతూ, సిగ్నల్ రాని కొండ మీద ఇంజను పగిలి కూర్చుంటే, అప్పుడు ఈల ఎవరు వెయ్యాలి?

…ఏమన్నావు? కోరా ఎలాగూ కొండ రోడ్డుకి పోదా?

…ట్రైలర్ తోలడం దానికి రాదా?

…ఇంకోసారి చెప్పు. ఇంకాస్త గట్టిగా.

…ఆ, విన్నాం.

…ఏం లేదు, కానీ. వారంటీ ఇంకా ఎంతుంది?

…రెండేళ్లు. కిట్ బిగించడానికని డార్బీ ఇంజను లోపలి క్రాంక్‌షాఫ్ట్ కొసకి డ్రిల్లు పెట్టిన నిమిషంలో ఇంజనుకి వారంటీ పోయినట్టే. ఆ కన్నం మళ్లీ పూడ్చేది కాదు. డార్బీ ఎక్కడ?

…భోజనానికా. ఒంటిగంటకి వస్తాడా. అంటే పావుగంట టైముంది. ఇంకా ఏమీ విప్పలేదు కదా?

…బానెట్ ఎత్తాడు, అంతేగా. బతికించావు. ఇప్పుడు అసలు సంగతి చెప్పు. మూడేళ్లుగా లేని రోగం ఇవాళెందుకొచ్చింది?

…మంగళవారం. టెన్‌స్లీప్ ఘాట్‌లో.

…వెనక రెండు గుర్రాలు. ముప్పై మైళ్ల స్పీడులో పాకుతున్నావు. ఊ.

…తెల్ల ట్రక్కు. ఈ రాష్ట్రంలో తెల్ల ట్రక్కు కానిదేది?

…దాని వెనకా రెండు గుర్రాలేనా. నిన్ను దాటిపోయిందా.

…దాటిపోతూ చెయ్యి ఊపాడా.

…ఒక వేలు కాదు, చెయ్యి మొత్తం. అవును, మన రోడ్ల మీద స్టీరింగ్ మీంచి ఒక్క వేలెత్తితే చాలు, పలకరింపు అయిపోతుంది. అంతకన్నా ఎత్తితే వెక్కిరింపు. ఎక్కడ రాసుందది?

…టోపీ ఉంది కాబట్టి ముఖం కనపడలేదు. కానీ నవ్వుతున్నాడని మాత్రం నీకు కనపడింది.

…అందుకని కూతురికిచ్చిన ఇంజనుకి కన్నం వేయిస్తున్నావు.

…వెటకారం కాదు. సరే, వెటకారమే. ఒక్క నిమిషం ఆపుతా. గేర్ రాడ్డు చివర ఒక బటన్ ఉంటుంది. నీ బొటనవేలి కిందే. దాని మీద ట్రైలర్ బొమ్మ ఉంటుంది. అదెప్పుడైనా నొక్కావా?

…మంగళవారం సంగతి కాదు. ఎప్పుడైనా.

…ట్రైలర్ లైట్ల కోసమనుకున్నావా. మూడేళ్లు.

…అది బరువు లాగేటప్పుడు నొక్కాలి వెండెల్. నొక్కితే గేరు ఊరికే పైకి మారిపోదు, ఇంజను పట్టు వదలదు. నొక్కకపోతే కొండ మధ్యలో గేరు మారి చతికిలబడుతుంది. ముప్పై మైళ్ల దగ్గర. దానికి డ్రిల్లు అక్కర్లేదు, బొటనవేలు చాలు.

…ఆ తెల్ల ట్రక్కుకి కిట్ ఉండే ఉంటుందా? లేదు. ఉన్నది బటన్ ఒక్కటే.

…ఎలా తెలుసంటే, పోయిన నెల దాన్ని నేనే కొన్నా. నీ ఇంజనే దానిదీ. నీదానికన్నా రెండేళ్లు పాతది.

…నేను కాదు. మంగళవారం సాయంత్రం దాకా షాపులోనే ఉన్నా.

…ఇంకెవరు తోల్తారు నా బండి? నాన్న కనపడ్డాడని చెయ్యి మొత్తం ఊపింది. ఇంటికొచ్చి చెప్పింది, నాన్న ఒక వేలు కూడా ఎత్తలేదమ్మా అని.

…అవును, కోరానే.

…గుర్తుపట్టలేదా?

…జుట్టు మార్చిలోనే కత్తిరించుకుంది. టోపీ నాది.

…ఆవులు ఈనే కాలం కాబట్టి దాన్ని చూడటానికి రాలేకపోయావా. ఆవులు ఎప్పుడో ఈనాయి. ఇప్పుడు జూన్.

…ఎక్కడో ఎందుకుంటుంది? ఇక్కడే ఉంది. నా ఎదురుగా బ్రేకులు విప్పుతోంది. స్పీకర్లో పెట్టానని మొదటే చెప్పా.

…ఆ. ట్రైలర్ తోలడం రాదన్నదీ విన్నది. రెండుసార్లు.

…ఏంటా చప్పుడు?

…బానెట్ మూశావా. మంచిది. డార్బీకి చీటీ రాసి పెట్టిపో. లేకపోతే భోజనం నుంచి వచ్చి బండి ఎవరో ఎత్తుకుపోయారని గోల పెడతాడు.

…సారీ నాకెందుకు చెప్తున్నావు? దానికి చెప్పు.

…ఇస్తా, ఉండు. కోరా, చేతులు తుడుచుకుని రా. మీ నాన్న.

నవ్వకే… ఆ బటన్ ఎక్కడుందో మాత్రం ఇంకోసారి చెప్పు, మర్చిపోతాడు.

ఇదిగో. స్పీకర్ తీసేశా.