తొక్కినంత వెలుగు

ఫిల్మ్ నగర్‌లో, ఒక బిల్డింగ్ సెల్లార్‌లో జిమ్. మధ్యాహ్నం కరెంటు కోత. చూడ్డానికి వచ్చినవాళ్లు ఇప్పుడే వెళ్లారు. తొక్కితే కరెంటు పుట్టే పన్నెండు సైకిళ్లలో ఒకటి ఇంకా తిరుగుతోంది.

"ఇక చాలు, దిగండి పెద్దాయనా. అయిపోయింది."

"కట్ అనలే గద సారూ."

"కట్ ఏంటి?"

"ఎవరన్న కట్ అనేదాంక ఆపొద్దు. మాకు గట్లనే అలవాటు. మిగతోళ్లు అన్నం వచ్చిందనంగనే ఉరికిండ్రు. నేను పాతోణ్ని."

"సరే, కట్. దిగండి."

"దిగితే గీ బల్బు గూడ పోతది. చీకట్ల కూసుంటరా మీరు?"

"అయితే... తొక్కండి. మెల్లగా తొక్కండి. మీ పేరేమన్నారు?"

"పోచయ్య. ముప్పై ఏండ్ల సంది జూనియర్ ఆర్టిస్టును. గుంపుల ఉంట. ఊరి జనమంటే ఊరి జనం, పెండ్లి జనమంటే పెండ్లి జనం. ఇయ్యాల సాఫ్ట్‌వేర్ ఇంజినీరు అన్నది మా ఏజెంటు లీలాకుమారి. గీ బూట్లు ఆమె ఇచ్చినయే. జర బిగుతుగున్నయి."

"బాగా చేశారు. మా మెంబర్ల కంటే మీరే నయం."

"మీ మెంబర్లు ఏరి మరి?"

"మానేశారు. ఏసీ కావాలన్నారు."

"ఎయ్యకపోయిండ్రా? గింతమంది తొక్కుతుంటే..."

"పన్నెండు మందీ ప్రాణం పెట్టి తొక్కినా ఒక్క ఏసీ నడవదు పెద్దాయనా. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

"ఒక్కటి గూడ?"

"ఒక్కటీ నడవదు. ఈ బల్బులు, నాలుగు ఫ్యాన్లు. అంతే. హైటెక్ సిటీలో ఉద్యోగం మానేసి మరీ పెట్టాను. ఇంత మంది పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుంటారు, సాయంత్రం జిమ్‌కొచ్చి చెమట కక్కుతారు, ఆ చెమటంతా కరెంటే కదా అనుకున్నా. ఇంజినీరింగ్ చదివినవాణ్ని. కాగితం మీద లెక్క వేసుకుంటే మొదటిరోజే తెలిసేది. వేసుకోలేదు."

"ఎందుకేసుకోలే?"

"తెలిసిపోతుందని."

"తెలుస్తదని ఏసుకోలేదా?"

"నవ్వండి, పర్లేదు."

"నవ్వుతలేను సారూ. నేను గూడ హీరో అయితననే వచ్చిన గీడికి. అద్దంల మొఖం చూసుకోకుంటనే బస్సెక్కిన. ఏమైతది, గుంపుల కలిసిపోయిన. అయినా ఇయ్యాల మంచిగనే వెలిగినయి గద?"

"వెలిగాయి. బిల్డింగంతా చీకటి, మన దగ్గర మాత్రం వెలుగు. కరెంటు పోయే టైము చూసి పిలుద్దామన్నది క్రాంతికుమారే. నా పార్ట్‌నర్. ఇందాక తెల్లచొక్కా వేసుకుని హడావుడి చేశాడు చూశారా, అతనే. మెంబర్లు లేకపోతేనేం, జూనియర్ ఆర్టిస్టుల్ని కూర్చోబెడదాం అన్నదీ అతనే."

"హుషారున్నడు."

"నాకే మనసొప్పలేదు. రాత్రంతా నిద్రలేదు. ఆ రామకృష్ణ గారు అంత పెద్దమనిషి, మన దాంట్లో డబ్బు పెడదామని సింగపూర్ నుంచి వచ్చారు, ఆయన్ని పట్టుకుని మోసం చేస్తున్నానే అని. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఏమన్నారో విన్నారా? 'బాబూ నాగసాయీ, నీలాంటివాడు ఊరికొక్కడుంటే చాలు' అన్నారు."

"విన్న. గొంతు ఖంగుమంటది ఆయనది."

"నాకు ఏడుపొచ్చేసిందండీ. ఏడాదిగా నన్నెవరూ మెచ్చుకోలేదు. ఇంట్లో కూడా."

"ఇంట్ల ఎవరెవరుంటరు?"

"మా ఆవిడ గీతిక. ఇప్పుడు ఇల్లు గడుస్తోంది ఆవిడ ఉద్యోగంతోనే. మోతీనగర్‌లో ఫ్లాటుంది. అదీ ఆవిడ పేరు మీదే. ఉన్నదల్లా అదొక్కటే."

"ఉన్నది గద. గదే పదివేలు."

"దాన్నే రాసిచ్చాం ఇవాళ."

"గదేంది?"

"రామకృష్ణ గారికి హామీ ఏదైనా చూపించాలన్నాడు క్రాంతి. ఫ్లాటు అమ్ముకునే హక్కు తన పేరున రాసివ్వమన్నాడు. ఊరికే పేరుకేనట. పొద్దున కింద ఆఫీసు బస్సు హారన్ కొడుతుంటే గీతిక నిలబడే సంతకం పెట్టింది. చదవను కూడా చదవలేదు. 'నువ్వు చూశావు కదా' అంది."

"మీరు చూసిండ్రా?"

"చూశా... చూశాననే అనుకోండి."

"ఆ కాయిదాలు ఏడున్నయి సారూ?"

"ఇందాకే క్రాంతి చేతిలో పెట్టా. రామకృష్ణ గారిని కార్లో ఎక్కించుకుని వెళ్లాడు. చేరాక ఫోన్ చేస్తానన్నాడు. నేనే చేస్తున్నా, స్విచ్చాఫ్ వస్తోంది. ఛార్జింగ్ అయిపోయుంటుంది."

"అయిపోయుంటది."

"ఏంటి, ఆపేశారు?"

"ఆపలే, కాళ్లు గుంజుతున్నయి. ఇగో, మళ్ల తొక్కుతున్న. సారూ, ఒక్క ముచ్చట అడగాల్నా?"

"అడగండి."

"ఏమనుకోకుండ్రి. సొంత కోటు తెచ్చుకున్నోళ్లకు బత్తా ఎక్కువిస్తరు మా దాంట్ల. గది మీరు ఇస్తరా, లీలాకుమారి ఇస్తదా? ఆయన నోరు తెరిచి అడగడు, శరమిందా మనిషి. అందుకే నేను అడుగుతున్న."

"కోటా? మీలో కోటు ఎవరేసుకున్నారు? అందరూ ట్రాక్ ప్యాంట్లేగా?"

"గదే... పట్టాభిరామయ్య."

"ఆయనెవరు?"

"సారూ, మీరు నిజంగనే అడుగుతుండ్రా?"

"పట్టాభిరామయ్య ఎవరండీ?"

"గా సోఫాల కూసున్నాయన. కోర్టు సీనుంటే జడ్జి వేషం ఎప్పుడూ ఆయనదే."

"రామకృష్ణ గారా? ఛ, ఎవర్ని చూసి ఎవరనుకున్నారో. ఆయన సింగపూర్..."

"సింగపూర్ ఏడిది సారూ, పొద్దుగాల మా వ్యాన్లనే వచ్చిండు, ముందల సీట్ల కూసోని. వేషంల ఉన్నోణ్ని పేరువెట్టి పిలువొద్దు గద, అందుకే ఎరగనట్టు తొక్కుకుంట కూసున్న. ఆయన్ను గూడ మీరే పిలిపిచ్చిండ్రనుకున్న."